నది దాటిన గొంతు

ఒనోమిచి
1967 మార్చి

మసూ,

ఇన్నాళ్ళూ ఉత్తరం రాయలేదని నిష్ఠూరమాడకు. మీ అన్నయ్య నలభై తొమ్మిదో రోజు కర్మ దాటాక రాద్దామనుకున్నాను. అది దాటాక, చలి తగ్గనీ అనుకున్నాను. చలీ తగ్గింది. ఇక సాకులు అయిపోయాయి.

మీ అన్నయ్య పనిగది సర్దుతున్నాను. సర్దడం అంటే ఒక్కో వస్తువూ చేతిలోకి తీసుకోవడం, కాసేపు చూడటం, మళ్ళీ అక్కడే పెట్టడం. పియానోలకు శ్రుతి చేసే మనిషి గది కదా, ఎక్కడ చెయ్యి పెట్టినా తీగముక్కలు గుచ్చుకుంటున్నాయి. 'ఆ ముక్కలు ఏరి పారెయ్యండి' అని పెళ్ళైనప్పటినుంచీ మొత్తుకున్నాను. ఇప్పుడు నేనే ఏరుతుంటే ఒక్కటీ పారెయ్యబుద్ధి కావడం లేదు.

నిన్న బీరువా కింది అరలో ఒక టేపు చుట్ట దొరికింది. అట్టపెట్టె మీద 'మసుయోకి' అని ఆయన రాత. పోయిన నవంబరులో ఒక మధ్యాహ్నం టేప్ రికార్డరు ముందు కూర్చుని మాట్లాడారు. "మీ చెల్లెలి దగ్గర ఆ యంత్రమే లేదుగా, ఎవరు వినడానికి?" అన్నాను. "వసంతంలో వెళ్ళేటప్పుడు యంత్రం కూడా మోసుకెళ్తాను. దాని స్కూలు పియానో ఊరికే శ్రుతి చేసిపెట్టి, బదులుగా ఎండుచేపలు గుంజుకొస్తాను" అన్నారు. వసంతం వచ్చింది.

నేను ఆ టేపు వినలేదు. రెండుసార్లు ప్లగ్గు పెట్టి తీసేశాను. ఆ గొంతు గదిలోకి వచ్చి మనిషి రాకపోతే నేనేం చెయ్యాలి? అందుకని టేపూ, యంత్రమూ రెండూ నీకే పంపుతున్నాను. నువ్వు గట్టిదానివి.

కట్టు కట్టించడానికి మూలమీది కరెంటు సామాన్ల కొట్టతన్ని పిలిచాను. అతని నోటికి హద్దూ అదుపూ లేదు. తాడు బిగిస్తూ, "అయితే అమ్మా, నది దాటుతోందా?" అన్నాడు. పోయిన మనిషి సామాను కడుతూ అడిగే మాటేనా అది? చచ్చినవాళ్ళు దాటే మూడు రేవుల నది సంగతి పసిపిల్లలకి కూడా తెలుసు. నాకు ఒళ్ళు మండింది. "దాటాల్సిన మనిషి జనవరిలోనే దాటేశారు నాయనా, పెట్టె మాత్రం నా నెత్తిన మిగిలింది" అన్నాను. పాపం నాలిక కరుచుకుని, పదే పదే వంగి దణ్ణాలు పెట్టి వెళ్ళిపోయాడు.

ఆగస్టులో ఓబోన్, పోయినవాళ్ళు ఇంటికొచ్చే పండుగ, ఆయనకి ఇదే తొలిసారి. కొత్తగా పోయినవాళ్ళకి మొదటి ఏడాది ఇంటిదారి సరిగా తెలియదట. అందుకే గుమ్మానికి తెల్ల లాంతరు కట్టాలి. ఆ లాంతరు నువ్వు వచ్చి కట్టాలి. నాకు నిచ్చెనెక్కితే కళ్ళు తిరుగుతున్నాయి. మనిద్దరం తప్ప ఆయనకంటూ ఇంకెవరున్నారు?

పెట్టెలో ఖాళీ ఉన్నచోటల్లా చిన్న ఎండుచేపలు కుక్కాను. పులుసులో వేసుకో.

మీ వదిన
షిగేనో


నుమాజు
ఏప్రిల్

వదినా,

పెట్టె క్షేమంగా చేరింది, వాసనతో సహా. ఎండుచేపల ఊరికి ఎండుచేపలు పంపేది లోకంలో నువ్వొక్కదానివే. పోస్టాఫీసతను గుమ్మంలో దించి, "టీచరుగారూ, రాత్రికి కిటికీలు వేసుకోండి, వీధి పిల్లులన్నీ నా వెనకే వచ్చాయి" అన్నాడు.

నేనూ ఇంకా వినలేదు. గట్టిదాన్నని నీకు ఎవరు చెప్పారో మరి.

కొత్త ఏడాది మొదలైంది. ఈసారి నాకు ఏడో తరగతి ఇచ్చారు. గదినిండా పిల్లలు, అందరివీ కొత్త యూనిఫారాలే, చేతులు కనపడనంత పొడుగు చొక్కాలు. వర్షాకాలం వచ్చేసరికి శబ్దతరంగాల పాఠం దగ్గరికి వస్తాం. పౌనఃపున్యం అనగానే సగం మంది నోరు తిరగక నవ్వుతారు. సెకనుకి ఎన్ని ఊపులు అని అడగడం, అంతే కదా అది. ఊపుల్ని సెకన్లతో భాగించాలి. ఇన్నేళ్ళుగా అదే పాఠం, అదే భాగహారం, అవే తప్పులు. సాయంత్రానికి గొంతు పోతోంది, కాళ్ళు పీకుతున్నాయి. ఇంటికొచ్చి ఆ పెట్టెకేసి చూస్తూ టీ తాగి పడుకుంటున్నాను.

అన్నయ్య ఒకసారి నా క్లాసుకి వచ్చాడు, గుర్తుందా? జేబులోంచి శ్రుతిదండం తీసి మోకాలికి కొట్టి, "ఇది 'లా' స్వరం. సెకనుకి నాలుగు వందల నలభై. మీ టీచరు దీన్ని లెక్కంటుంది, నేను నా కూడు అంటాను" అన్నాడు. పిల్లలు విరగబడి నవ్వారు. హెడ్‌మాస్టరు కూడా నవ్వాడు, ఆయన నవ్వడం నేను అదే చూడటం.

ఓబోన్‌కి వస్తాను. లాంతరు నేనే కడతాను.

మసుయో


నుమాజు
మే

షిగేనో గారికి,

విన్నాను. మూడు ఆదివారాలు వరసగా విన్నాను. నాదే పొరపాటేమో అని మళ్ళీ మళ్ళీ విన్నాను.

ముందు శ్రుతిదండం మోగింది. ఏ పనికైనా ముందు అది మోగించడం అన్నయ్యకి అలవాటే కదా. తర్వాత మాట మొదలైంది. అది ఆయన గొంతే, కానీ బావిలోంచి వస్తున్నట్టుంది. మా అన్నయ్య ఎలా మాట్లాడేవాడు? పక్కవాడు అందుకోలేనంత గబగబా. ఈ మనిషి ఒక్కో మాటా ఈడుస్తున్నాడు. "మ... సూ..." అంటాడు. తాగిన మనిషో, మందిచ్చి మంచానికి కట్టేసిన మనిషో మాట్లాడుతున్నట్టు ఉంది. మధ్యలో నవ్వాడు కూడా. ఆ నవ్వు విన్న రోజు నాకు అన్నం సయించలేదు.

"చివరిదాకా నవ్వుతూ తిరిగారు, నిద్రలోనే పోయారు" అని అంత్యక్రియలప్పుడు మీరు వచ్చిన ప్రతివాళ్ళకీ చెప్పారు. నాకూ చెప్పారు. నేను నమ్మి, దణ్ణం పెట్టి, రైలెక్కి వచ్చేశాను.

ఇంకొక సంగతి. పన్నెండు నిమిషాల టేపు అది. చివర్లో ఆ గదిలోకి ఒక మగమనిషి వస్తాడు. బండగొంతు. "చాలు! ఎన్నిసార్లు చెప్పాలి? చాలు!" అని గద్దిస్తాడు. ఒకరి మాట పడని మా అన్నయ్య, "సరే... సరే..." అని గొణిగి ఆపేస్తాడు. అక్కడితో టేపు అయిపోయింది.

నేను సూటిగా అడుగుతున్నాను. మీ ఇంట్లో మా అన్నయ్య మీద అరిచే హక్కున్న ఆ మగమనిషి ఎవరు? ఆయన్ని ఆ స్థితికి తెచ్చిందెవరు? నిప్పు లేనిదే పొగ రాదు. నా చెవులు ఇంకా బాగానే ఉన్నాయి.

జవాబు వచ్చేదాకా ఓబోన్ మాట ఎత్తకండి. ఆ నిచ్చెనెక్కే మగదిక్కు ఒకటి అక్కడ ఉన్నట్టే ఉంది.

మసుయో


ఒనోమిచి
మే నెలాఖరు

మసుయో గారికి,

మీ ఉత్తరం అందింది. పొయ్యి ముందు నిలబడి చదివాను. అన్నం అడుగంటింది.

మీరు అడిగినదానికి జవాబు. ఈ ఇంట్లో మగపురుగంటూ ఉన్నది ఇద్దరే. ఒకరు మీ అన్నయ్య. రెండోది గోడ మీది పిల్లి. అది మాట్లాడదు. మూడో మగవాడు మీకు ఎక్కడ కనిపించాడో, అంత దూరంలో కూర్చుని ఎలా కనిపించాడో మీకే తెలియాలి. పచ్చకామెర్లవాడికి లోకమంతా పచ్చగానే కనిపిస్తుందంటారు. చదువుకున్నవాళ్ళకి ఆ జబ్బు రాదనుకున్నాను.

నాకు యాభై ఎనిమిదేళ్ళు. మా ఇంటికి ఎన్ని మెట్లో మీకు తెలుసు. బజారుకెళ్ళి ముల్లంగి తెచ్చుకుంటే ఆ రోజంతా మోకాళ్ళు పట్టుకుని కూర్చుంటున్నాను. ఆయన పోయి అయిదు నెలలు కాలేదు. ఇప్పుడు నాకొక మగమనిషిని కూడా అంటగట్టారు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ఇప్పుడు తెలిసింది.

ఆయన చివరి నెలల గురించి అప్పుడు చెప్పినదానికన్నా ఒక్క మాట ఎక్కువ చెప్పను.

టేపు తిరిగి పంపించేయండి. యంత్రం మీరే ఉంచుకోండి. ఓబోన్‌కి రావద్దు. లాంతరు కూలిమనిషిని పిలిచి కట్టిస్తాను. ఆయన లేకపోయాక మీకూ నాకూ చుట్టరికం ఏముంది? ఈ మాట కోపంతో రాయడం లేదు. కోప్పడే ఓపిక కూడా లేదు నాకు.

షిగేనో


నుమాజు
జూన్
(పోస్టు కార్డు)

టేపు పంపను. దాని మీద నా పేరు రాసి ఉంది.

మసుయో


నుమాజు
జులై

వదినా,

చించెయ్యకు. ఈ ఒక్క ఉత్తరం చదివి, తర్వాత కావాలంటే చించు.

ఆ మగమనిషి ఎవరో తెలిసింది. నువ్వే.

మొదటినుంచీ చెప్తాను. ఇక్కడ వానలు వదలడం లేదు. గొడుగులన్నీ వసారాలో ఆరేసి, కిటికీలు మూసి, ఉక్కపోతలో శబ్దం పాఠం మొదలుపెట్టాను. ఊపులూ, సెకన్లూ, భాగహారం. మూడు సెకన్లలో పదమూడు వందల ఇరవై ఊపులు ఊగితే పౌనఃపున్యం ఎంత? ఒక పిల్ల గుణించేసింది. ఏటా ఎవరో ఒకరు గుణిస్తారు. దిద్దే ఓపిక లేక, బీరువాలోంచి స్కూలు శ్రుతిదండం తీసి మోగించి చూపించాను. ముందు బల్లలో చిగుసా అని ఒక పిల్ల ఉంది, ప్రశ్న అడగకపోతే దానికి తోచదు.

"టీచర్, గట్టిగా కొడితే పౌనఃపున్యం పెరుగుతుందా?"

"పెరగదు. ఊపు వెడల్పవుతుంది. శబ్దం పెద్దదవుతుంది. అందులో శక్తి ఎక్కువ. ఊపుల లెక్క మాత్రం అదే."

"మెల్లగా కొడితేనో?"

"అదే నాలుగు వందల నలభై."

"తాతల కాలం నాటిదైతే?"

"అదే."

"అయితే దానికి అలుపే రాదా టీచర్?"

"రాదు. అలుపు నాకు, నిన్ను భరించలేక" అన్నాను. క్లాసంతా ఘొల్లుమంది. నేను మాత్రం ఆ దండం పట్టుకుని అలాగే నిలబడిపోయాను. అది చేతిలో ఇంకా మోగుతోంది. ఆ మోత నాకు తెలిసిన మోత కాదు. నెలల తరబడి ప్రతి ఆదివారమూ టేపులో విన్న 'లా' నా తలలో ఉంది. అది ఇంతకన్నా కిందుగా ఉంటుంది.

మనిషికైతే అలుపు వస్తుంది. జబ్బు చేస్తుంది, తాగితే నాలిక మందమవుతుంది. ఇనప ముక్కకి ఏం జబ్బు?

సాయంత్రం యంత్రాన్ని గొడుగు కింద స్కూలుకి మోసుకెళ్ళాను. సంగీతం గదిలో ఆర్గను పక్కన పెట్టి మోగించాను. అన్నయ్య 'లా' ఆర్గను మీద 'లా' దగ్గర లేదు. కిందికి దిగి, దిగి, 'ఫా' పక్కనున్న నల్లమెట్టు దగ్గర ఆగింది. దానికి కూడా వెంట్రుకవాసి తక్కువ. ఆ మెట్టు సెకనుకి మూడు వందల డెబ్భై. సుద్దముక్క తీసుకుని నల్లబల్ల మీద లెక్క వేశాను. నాలుగు వందల నలభైని అరవైతో భాగించి యాభైతో గుణిస్తే మూడు వందల అరవై ఆరు, పైన కొంచెం. అక్కడికి అక్కడే.

ఈ అరవై ఏమిటి, యాభై ఏమిటి అంటావు. ఫుజి నదికి ఇవతల, తూర్పున, మా ఇళ్ళకి వచ్చే కరెంటు సెకనుకి యాభై సార్లు ఊగుతుంది. నదికి అవతల, పడమర, మీకు అరవై సార్లు. ఎప్పుడో తాతల నాడు మావాళ్ళు ఒక దేశంనుంచీ మీవాళ్ళు ఇంకో దేశంనుంచీ యంత్రాలు కొన్నారు, ఆ పుణ్యం ఇది. కరెంటు ఊపుల్ని బట్టే ఆ రికార్డరు తిరుగుతుంది. అక్కడ ఆరు చుట్లు తిరిగే సమయానికి ఇక్కడ అయిదే తిరుగుతుంది. నది దాటించేటప్పుడు లోపల ఒక చిన్న చక్రం మార్చాలి. మీ కొట్టతను, "అమ్మా, నది దాటుతోందా?" అన్నది ఈ నది గురించి. నువ్వు ఆ నదిని తెచ్చి అతని నోరు నొక్కేశావు. పాపం అతను ఇంకేం చెబుతాడు?

అతని సంగతి అలా ఉంచు. నేను సైన్సు టీచర్ని. ఆ నది నా స్కూలు కొండెక్కితే కనపడేంత దూరంలో ఉంది. ఈ యాభై అరవై కథ ఏటా నేనే పిల్లలకి చెప్తాను. నీ మొదటి ఉత్తరంలోనే నది మాట ఉంది, చదివి నవ్వుకున్నాను కూడా. అయినా తట్టలేదు. అన్నయ్య బాధపడి చచ్చిపోయాడని వినడానికి నా చెవులు ముందే సిద్ధంగా ఉన్నాయి. చివరి రెండేళ్ళూ నేను ఆయన్ని చూడటానికి రాలేదు. దానికి ఎవరో ఒకరు తప్పు చేసి ఉండాలి కదా, నువ్వు దొరికావు.

ఖాయం చేసుకోవడానికి ఒక పని చేశాను. టేపుని లాగే ఇనపపుల్ల చుట్టూ కాగితం చుట్టి లావు చేశాను. లావైతే ఎక్కువ టేపు లాగుతుంది. చివరి ముక్క పెట్టాను. గొంతు వణుక్కుంటూ లేచింది, లేచి, ఆ మగమనిషి కాస్తా నువ్వయ్యావు. "చాలు! ఎన్నిసార్లు చెప్పాలి?" వెంటనే కాగితం చిరిగి చుట్టుకుపోయింది. నేను ఆ బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చాను. నీది అసలే రేవులో పడవల్ని కేకేసే గొంతు. అందులో ఆరో వంతు కోసేస్తే మగమనిషి కాక ఏమవుతుంది?

పిల్లలకి చెప్పని లెక్క ఇంకొకటి ఉంది. ఊపు వెడల్పు అంతే ఉన్నా, ఊపుల సంఖ్య తగ్గితే శక్తి ఇంకా ఎక్కువ తగ్గుతుంది. ఆరుకి అయిదు కాదు, ఆరు ఆర్లకి అయిదు అయిదులు. అన్నయ్య గొంతులో ముప్పై ఆరు పాళ్ళు జీవం ఉందనుకో, నాకు చేరింది ఇరవై అయిదు. పదకొండు పాళ్ళు ఆ నది మింగింది. ఆ పదకొండు పాళ్ళు నీ మీద రుద్దాను.

ఓబోన్‌కి రావద్దన్నావు. వద్దనే హక్కు నీకుంది. కానీ అన్నయ్య తొలిసారి వస్తుంటే గుమ్మంలో కూలిమనిషి కట్టిన లాంతరు ఉంటుందని తలుచుకుంటే నాకు అన్నం దిగడం లేదు. రానిస్తావా?

నీ మరదలు
మసుయో


ఒనోమిచి
జులై నెలాఖరు

మసూ,

మగమనిషి రాస్తున్న ఉత్తరం ఇది.

నీ ఉత్తరం వచ్చిన రోజు ముందు కోపం వచ్చింది, తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూనే మెట్లు దిగి కొట్టతని దగ్గరికి వెళ్ళాను, ఊరగాయ ముల్లంగి పట్టుకుని. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు. "నాయనా, నువ్వు అడిగింది ఏ నది?" అన్నాను. "ఫుజి నది అమ్మా! అరవై సైకిళ్ళది యాభైలోకి వెళ్తోంది, చక్రం మార్చాలా అని అడిగా. మీరు అలా అనేసరికి నా పై ప్రాణాలు పైనే పోయాయి. నెల్లాళ్ళు మీ వీధిలోకి రాలేదు." "సైకిళ్ళంటే తొక్కేవనుకున్నాను" అన్నాను. అప్పటికి నవ్వాడు. ముల్లంగి తీసుకున్నాడు.

ఇప్పుడు నువ్వు కూర్చుని చదవాలి. నీ లెక్క బాగుంది. కానీ ఒక అంకె వదిలేశావు.

పదకొండు పాళ్ళు నది మింగిందన్నావు. మిగిలిన ఇరవై అయిదూ నిండుగా ఉన్నాయనుకోకు. అక్టోబరులోనే డాక్టరు గుండె బాగా పాడైందన్నాడు. పని మానెయ్యమన్నాడు, మెట్లెక్కొద్దన్నాడు. మా ఇంట్లో ఉంటూ మెట్లెక్కకుండా ఎలా? ఒక్కో మలుపులో కూర్చుని, సముద్రం చూస్తున్నట్టు నటించేవారు. నేనూ పక్కన కూర్చుని చూసేదాన్ని. నవంబరుకి వరసగా నాలుగు మాటలు మాట్లాడితే ఆయాసం. ఆ రోజు నీ కోసం మాట్లాడుతుంటే పెదాలు నల్లబడ్డాయి. అందుకే నేను గుమ్మంలోంచి అరిచాను. ఏమని అరిచానో కూడా గుర్తులేదు, నువ్వు రాశాకే తెలిసింది.

నిద్రలో పోలేదు. పడుకుంటే ఊపిరాడక, గోడకి పరుపు ఆనించి కూర్చునేవారు. అలా కూర్చునే పోయారు. నా చెయ్యి పట్టుకునే ఉన్నారు.

నీకు చెప్పొద్దన్నది ఆయనే. "దాని పిల్లలకి పరీక్షలు. చెబితే క్లాసు వదిలి పరుగెత్తుకొస్తుంది. వచ్చి నాకు ఊపిరి పోస్తుందా?" అన్నారు. మాటిచ్చాను. అంత్యక్రియలప్పుడు చెప్పేద్దామని నీ దగ్గరికి రెండుసార్లు వచ్చాను. నువ్వు నిలబడ్డ తీరు చూసి, విరిగిపోతావేమోనని వెనక్కి వెళ్ళిపోయాను.

కాబట్టి నీ చెవులు పూర్తిగా తప్పు వినలేదు. మగమనిషి విషయంలో తప్పు విన్నాయి, అలుపు విషయంలో సగం సరిగ్గానే విన్నాయి. నీ మే నెల ఉత్తరం చదివి నాకు అంత కోపం ఎందుకొచ్చిందనుకున్నావు? అబద్ధానికి ఎవరికైనా అంత కోపం వస్తుందా?

యంత్రం మోసుకుని రా. ఇక్కడి కరెంటులో పెడదాం. ఒక్కదాన్నే వినలేను. పక్కన నువ్వుంటే వింటాను. లాంతరు కొన్నాను, గుమ్మంలో పెట్టి ఉంది. నిచ్చెన మాత్రం నువ్వు ఎక్కాలి, నేను పట్టుకుంటాను.

వదిన


నుమాజు
ఆగస్టు నెలాఖరు

వదినా,

నిన్న చేరాను. రైలు ఫుజి నది వంతెన మీదికి రాగానే లేచి కిటికీ దగ్గర నిలబడ్డాను. వానలకి నీళ్ళు బురదగా ఉన్నాయి. ఎదురు సీటు ముసలాయన, "ఏముందమ్మా అక్కడ?" అన్నాడు. "ఏమీ లేదు, మా ఇంట్లోవాళ్ళు ఇక్కడ తరచూ దారి తప్పుతుంటారు" అన్నాను. ఆయన పాపం నాకు కొంచెం దూరంగా జరిగి కూర్చున్నాడు.

ఎల్లుండి బడి తెరుస్తారు. కాళ్ళు ఇంకా నీ మెట్ల గురించే చెప్తున్నాయి. ఒక్కో మలుపులో కూర్చుని నేనూ సముద్రం చూశాను. చూస్తున్నట్టు నటించలేదు, నిజంగానే కూర్చోవలసి వచ్చింది. ఆయన కూర్చున్న రాళ్ళు ఏవో నువ్వు చూపించకపోయినా తెలిసింది, అవి నున్నగా ఉన్నాయి.

ఆ మధ్యాహ్నం గురించి అక్కడ మనం మాట్లాడుకోలేదు. ఇప్పుడు రాస్తాను.

నువ్వు ప్లగ్గు పెట్టావు. శ్రుతిదండం మోగింది, సరిగ్గా నాలుగు వందల నలభై, పైన ఎత్తుగా, శుభ్రంగా. వెంటనే "మసూ!" అన్నాడు. నా వీపు మీద చరిచినట్టు అయింది. ఎంత గబగబా మాట్లాడాడు! నా స్కూలు పియానో చెవిటిదన్నాడు, నా ఎండుచేపల్లో ఉప్పెక్కువన్నాడు, నేను సుద్దపొడి తిని బతుకుతున్నానన్నాడు. ఆ నవ్వు ఆయన నవ్వే. కానీ నువ్వు రాశాక నాకు అది కూడా వినపడింది, ప్రతి రెండు మాటలకీ మధ్య గాలి లాక్కోవడం. నుమాజులో విన్నప్పుడు అది తాగుబోతు ఆగడంలా ఉండేది. అక్కడ విన్నాక, మాట ఆగిపోకుండా ఆయన ఎంత కష్టపడ్డాడో తెలిసింది. అలుపు ఉంది. దాన్ని మోస్తూనే అంత అల్లరి చేశాడు.

"చాలు! ఎన్నిసార్లు చెప్పాలి?" అని నీ కేక రాగానే నువ్వు చేతిగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని, "నేను ఇంత గయ్యాళిగా ఉంటానా?" అన్నావు. నేను లేదనలేదు. తర్వాత ఆయన "సరే, సరే" అన్నాడు. అది గొణుగుడు కాదు వదినా. నవ్వుతూ అన్నాడు, నిన్ను ఉడికించడానికి. ఆ ఒక్క మాట గురించే నీకు ముందుగా రాయాలనుకున్నాను.

నిచ్చెన కదిలిపోతుంటే నువ్వు పట్టుకోకుండా లాంతరు వంకర గురించి పోట్లాడావు. పడితే నా చావు కూడా నీ మీదికే వచ్చేది. లాంతరు మాత్రం తిన్నగానే ఉంది, వంకరున్నది మీ గుమ్మం.

ఇప్పుడు అసలు సంగతి. యంత్రాన్ని నీ దగ్గరే వదిలి వచ్చాను, సరైన కరెంటు అక్కడ ఉంది కాబట్టి. "చక్రం మార్చి మళ్ళీ పంపుతాను టీచరుగారూ, అక్కడ కూడా అచ్చం ఇలాగే వినపడుతుంది" అని మీ కొట్టతను నాతో అన్నాడు. రైలులో అంతా దాని గురించే ఆలోచించాను.

చలికాలం దాకా నీ దగ్గర ఉంచుకో. ఇప్పుడు నువ్వు ఒక్కదానివే వినగలవనుకుంటున్నాను. చలి మొదలవగానే నాకు పంపు. వచ్చే ఓబోన్‌కి నేనే మోసుకొస్తాను, లాంతరు కట్టడానికి ఎలాగూ రావాలి. రెండో ఏడాది తెల్లది అక్కర్లేదంటావేమో, అయినా ఏదో ఒకటి కట్టాలి. ఏటా ఇలాగే నది దాటిద్దాం, మన ఇద్దరిలో ఎవరికో ఒకరికి ఓపిక ఉన్నంతకాలం.

కొట్టతనికి మాత్రం చెప్పు, చక్రం మార్చొద్దని. నిజం గొంతు ఎలా ఉంటుందో విన్నాను, మర్చిపోను. కానీ గడియారం చూసుకున్నాను వదినా. నీ దగ్గర అన్నయ్య పది నిమిషాలే ఉన్నాడు. ఇక్కడ నా దగ్గర పన్నెండు నిమిషాలు ఉంటాడు. కాస్త నీరసంగా ఉంటే ఉండనీ.

ఆ మగమనిషి కూడా నాకు కావాలి.

మసూ